రెండు దేనారములు – పిడికెడు బియ్యం
ఖమ్మం, భద్రాచలం అటవీ సీమలో వైద్య పరిచర్య, సంఘ దానం: ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

నేను అటవీ సరిహద్దు గ్రామంలో సేవ చేస్తున్న రోజుల్లో ఒక వానాకాలపు రాత్రి పురుడు కష్టమైన ఒక కోయ యువతిని నులక మంచానికి కర్రలు కట్టి నలుగురు మోసుకొచ్చారు. వాగు దాటి వచ్చేసరికి తెల్లవారింది. వాళ్ళు నేరుగా మిషన్ ఆసుపత్రికి పోదామన్నారు. వాళ్ళ తాతల కాలం నుండి "దొరసాని ఆసుపత్రి" అంటే తలుపు మూయని చోటు. ఆ ఆసుపత్రిలో పురుళ్ళ వార్డు మూసి అప్పటికి నాలుగేళ్ళయిందని నేనే చెప్పవలసి వచ్చింది. జీపు దొరికి పట్టణంలోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాము. తల్లి బ్రతికింది, బిడ్డ దక్కలేదు. ఆ మరుసటి ఆదివారమే మా సంఘంలో కోతపండుగ. వచ్చిన ధాన్యం, కోళ్ళు, గుమ్మడికాయలు వేలం వేసి, ఆ సొమ్ము ప్రహరీ గోడకు కేటాయించాము. తీర్మానం చదివింది నేనే. దాని క్రింద నా సంతకం నేటికీ ఉంది.

ఆ వారం నుండి ఒక ప్రశ్న నన్ను విడిచిపెట్టలేదు. ఆ ఆసుపత్రులను అన్ని దశాబ్దాలు ఎవరి కానుక నిలబెట్టింది? ఆ కానుక ఆగినప్పుడు మన సంఘాల కానుక ఆ స్థానంలోకి ఎందుకు రాలేదు? ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నలకు చరిత్రలో జవాబు వెదికే ప్రయత్నం. ఇది ఏ ఒక్క ఆసుపత్రి మీదా ఫిర్యాదు కాదు. కాపరులుగా మనము వేసే చందాల పట్టీని మనమే ఒకసారి చదువుకోవడం.

1. ప్రాంతం, దాని ప్రత్యేకత

భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1860లో నిజాము నుండి బ్రిటిష్ వారి చేతికి వచ్చాయి. కొంతకాలం మధ్య పరగణాల క్రింద ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాలో కలిశాయి. ఖమ్మం వైపు ప్రాంతం మాత్రం నిజాము రాజ్యంలోనే ఉండిపోయింది. 1953లో వరంగల్లు నుండి విడిపోయి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి నుండి ఖమ్మంలోకి వచ్చింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వేరుపడింది.

ఈ వివరాలు ఊరకే ఇవ్వలేదు. నూటయాభై సంవత్సరాలలో ఇన్నిసార్లు చేతులు మారిన నేలమీద ప్రభుత్వ వైద్యం ఎప్పుడూ ఏదో ఒక సరిహద్దు దగ్గర ఆగిపోయింది. అడవి, వాగులు, చలిజ్వరం, గోదావరి వరద మాత్రం ఏ సరిహద్దునూ లెక్కచేయలేదు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులకు చేరి ప్రవహించింది. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ అల్లర్లకు జడిసి వచ్చిన గుత్తికోయల గూడేలు ఈ అడవుల్లో వెలిశాయి. వారిలో అనేకులకు చాలాకాలం రేషను కార్డు లేదు, గూడేనికి దారి లేదు. ఏ పట్టికలోనూ పేరు లేనివాని దగ్గరకు మొదట వెళ్ళవలసింది ఎవరు అనే ప్రశ్న ఇక్కడ పుస్తకాల ప్రశ్న కాదు.

2. దుమ్ముగూడెం: ఒక ఇంజనీరు భారం

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత సర్ ఆర్థర్ కాటన్ గారి దృష్టి ఎగువ గోదావరి మీద పడింది. పడవలు లోపలి దేశం దాకా నడవాలని దుమ్ముగూడెం దగ్గర పనులు మొదలయ్యాయి. ఆ పనులు చూసినవారు రాయల్ ఇంజనీర్స్ అధికారి ఎఫ్.టి. హేగ్ గారు, తరువాతి కాలపు జనరల్ హేగ్. చుట్టుపక్కల కోయల స్థితి ఆయన హృదయాన్ని తాకింది. 1860 ప్రాంతంలో ఆయన, ఆయన తోటివారు ప్రార్థనలో మొదలుపెట్టిన భారమే చర్చి మిషనెరీ సొసైటీ వారి కోయ మిషన్‌గా రూపుదాల్చింది. హేగ్ గారి క్రింద ప్రభుత్వ పనుల్లో ఉద్యోగిగా ఉన్న వెంకటరామరాజు గారు క్రీస్తును అంగీకరించి కోయల మధ్య పరిచర్యకు తన్ను తాను అప్పగించుకున్నారు. ఈ సీమలో సువార్తకు మొదటి దాతలు ఈ ఇద్దరే. ఒకరు తన పలుకుబడిని ఇచ్చారు, మరొకరు తన జీవితాన్నే ఇచ్చారు.

1871 ప్రాంతంలో ప్రభుత్వం ఎగువ గోదావరి పథకాన్ని విరమించుకుంది. లెక్కకు గిట్టలేదు గనుక పని ఆగింది. మిషన్ ఆగలేదు. తరువాత వచ్చిన జాన్ కెయిన్ గారు రెండు దశాబ్దాలకు పైగా అక్కడే ఉండి కోయల భాషను, ఆచారాలను శ్రద్ధగా వ్రాసిపెట్టారు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల మీద ఆయన వ్రాసిన వ్యాసాలు 1876 మొదలు ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో వచ్చాయి.

ఖజానా ఆపిన చోట మిషన్ ఎలా నిలిచింది? 1799లో పుట్టిన ఆ సొసైటీ ఆదాయం ప్రధానంగా సామాన్య విశ్వాసుల చందాల మీద ఆధారపడింది. పెద్ద దాత ఒకడు మనసు మార్చుకుంటే ఒక పథకం కూలిపోతుంది. వేలమంది చిన్న దాతలు ఒకేసారి మనసు మార్చుకోవడం అరుదు. ఈ సూత్రాన్ని గుర్తుంచుకుందాము. వ్యాసం చివర మళ్ళీ దీని దగ్గరకే రావలసి ఉంటుంది.

3. తెలుగు దేశపు మిషన్ ఆసుపత్రులు: ఎవరెవరు ఇచ్చారు?

మన సీమను ఒంటరిగా చూస్తే విషయం బోధపడదు. చుట్టుపక్కల మూడు ఉదాహరణలు చూద్దాము.

గుంటూరు: డా. అన్నా సారా కుగ్లర్ గారు 1883లో అమెరికా లూథరన్ మిషన్ తరఫున వచ్చారు. ఆమె వైద్యురాలైనా, వైద్య సేవ కోసం పంపడానికి మొదట బోర్డు సిద్ధపడలేదు. జెనానా పనికని పంపారు. ఆమె వైద్యం మానలేదు. పదిహేనేళ్ళ శ్రమ తరువాత, 1898లో ఆసుపత్రి తెరిచారు. ఆ సొమ్ములో ఎక్కువ భాగం అమెరికాలోని లూథరన్ స్త్రీల సమాజాలు కూడబెట్టింది. తరువాత ఏలూరు జమీందారు భుజంగరావు గారు, తన కుటుంబానికి జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా, రోగుల బంధువులు బస చేయడానికి సత్రం కట్టించారు. ఆయన హిందువు. రోగితో వచ్చినవారు ఎక్కడ వండుకు తింటారు అన్న ఆలోచన మన దేశపు దాతకే తట్టింది.

హనుమకొండ: అమెరికన్ బాప్టిస్టు మిషన్ డా. జె.ఎస్. టింపనీ గారి ఆధ్వర్యంలో ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆసుపత్రి నడిపింది. నిజాము రాజ్యపు ఈ భాగంలో ఆధునిక వైద్యం అందించిన తొలి కేంద్రాలలో అది ఒకటి.

డిచ్‌పల్లి: వెస్లియన్ మిషన్‌కు చెందిన డా. ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ గార్లు కుష్ఠురోగుల కోసం 1915లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. నిజామాబాదుకు చెందిన రాజా నర్సాగౌడ్ గారు, ఆయన కూడా హిందువే, దానికి పెద్ద విరాళమిచ్చారు.

ఈ మూడింటినీ కలిపి చూస్తే మిషన్ వైద్యాన్ని మోసిన చేతులు ఐదు విధాలుగా కనిపిస్తాయి: విదేశీ సంఘాల చందాలు, స్థానిక ధనికుల విరాళాలు, ప్రభుత్వపు గ్రాంట్లు లేక భూమి, శక్తి ఉన్న రోగులు చెల్లించే రుసుము, స్థానిక క్రైస్తవ సంఘాల కానుక. ఇందులో కట్టడాలకు ఇచ్చేవారు దొరికినంత సులువుగా నెల జీతాలకు ఇచ్చేవారు దొరకరు. రాతిమీద దాత పేరు చెక్కవచ్చును, నర్సమ్మ జీతం మీద చెక్కలేము. మందులు, దూది, దీపపు నూనె, జీతాలు, వీటి భారం ఎప్పుడూ మొదటి చేతి మీదనే, అనగా సముద్రాల అవతలి చందాల మీదనే ఎక్కువగా పడింది. ఐదవ చెయ్యి, మన చెయ్యి, అన్నిటికంటె చిన్నదిగా ఉండిపోయింది. ఎందుకు?

4. దోర్నకల్ పాఠం: అజరయ్య గారు, పిడికెడు బియ్యం

మన సంఘాలు ఇవ్వడం నేర్చుకోలేదు అంటే అది అసత్యం. ఇవ్వడంలో మనకున్న వారసత్వం దోర్నకల్‌లోనే ఉంది.

1903లో తిరునల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనెరీ సొసైటీని స్థాపించారు. 1905లో సెరంపూరులో నేషనల్ మిషనెరీ సొసైటీ పుట్టింది. ఈ రెండింటి స్థాపనలోను వి.ఎస్. అజరయ్య గారి పాత్ర ప్రధానమైనది. పనివారు, ధనం, నిర్వహణ, మూడూ భారతీయులవే కావాలన్నది వాటి నియమం. తిరునల్వేలి వారు తమ కానుకలతో పంపదలచుకున్న పొలముగా నిజాము రాజ్యంలోని దోర్నకల్‌ను ఎంచుకున్నారు. 1909లో అజరయ్య గారు స్వయంగా అక్కడికి వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. తరువాతి కాలంలో సి.ఎం.ఎస్. వారి తెలుగు క్షేత్రాలు కూడా ఆయన అధ్యక్ష మండలంలోకి వచ్చాయి. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించేనాటికి ఆ మండలంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో అత్యధికులు మాల, మాదిగ కూలీలు.

అటువంటి సంఘానికి ఆయన దానం నేర్పారు. బీదవాడు పుచ్చుకునేవాడు మాత్రమే అనుకోవడం అతని గౌరవాన్ని తీసివేయడమే అని ఆయన బోధ సారం. అందుకు ప్రత్యేకంగా క్రైస్తవ దానం మీద ఒక గ్రంథమే వ్రాశారు. గృహిణి వంటకు బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు తీసి దేవునికని వేరు కుండలో వేయడం, కోతపండుగనాడు ధాన్యం, కోడి, కూరగాయ తెచ్చి బల్ల ముందు ఉంచడం ఆయన సంఘాలలో ఆరాధనలో భాగమయ్యాయి. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దోర్నకల్ దేవాలయపు నిర్మాణంలో ఆ బీద సంఘాల కానుకలూ కలిశాయి. ఇదే పద్ధతి దూరాన మిజో కొండలలో 1910లో మొదలై నేటికీ నిలిచి ఉంది. అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘపు మిషనెరీ సేవకు అది గట్టి ఆధారం.

అయితే ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. మన పిడికెడు బియ్యం ప్రధానంగా దేనికి వెళ్ళింది? ఉపదేశకుని పోషణకు, కాపరి జీతానికి, ప్రార్థనా మందిరానికి. స్వపోషణ అనే మాటకు ఆనాటి అర్థం అదే. ఆసుపత్రి మాత్రం "మిషన్ వారిది"గా మిగిలిపోయింది. అది సంఘం పరిచర్య అని తీర్మానాలలో ఉండవచ్చును, కుండలో మాత్రం దానికి వాటా లేదు. అందువలన విదేశీ సహాయం తగ్గినప్పుడు కాపరి నిలిచాడు, ఆసుపత్రి నిలవలేదు. నా దృష్టిలో మన చరిత్రలో దాగి ఉన్న అసలు కారణం ఇది. అజరయ్య గారి బోధ తప్పు కాదు. దానిని మనము సగంలో ఆపాము.

5. 1947 తరువాత: మారిన లెక్కలు

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. తరువాతి మూడు దశాబ్దాలలో మిషనెరీ వైద్యులు ఒక్కొక్కరుగా తిరిగి వెళ్ళారు. అదే కాలంలో వైద్యం ఖరీదైంది. ఎక్స్‌రే, రక్తపరీక్షలు, శస్త్రచికిత్సలకు మత్తు వైద్యులు తప్పనిసరి అయ్యారు. 1946లో భోర్ కమిటీ సూచించిన ప్రకారం 1950లలో ప్రభుత్వం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు తెరవడం మొదలుపెట్టింది. ఒక వైపు ఉచిత ప్రభుత్వ వైద్యం, మరొక వైపు డబ్బున్న ప్రైవేటు ఆసుపత్రి. మధ్యలో మిషన్ ఆసుపత్రి బీదలను వదలలేక, ధనికులను ఆకర్షించలేక నలిగింది.

ప్రభుత్వం చేసినదాన్ని తక్కువ చేయకూడదు. గిరిజన గూడేలను పీడించిన యాస్ అనే పుండ్ల వ్యాధి మీద 1952లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సహాయంతో దేశంలో పెన్సిలిన్ ఉద్యమం మొదలైంది. 2003 తరువాత కొత్త కేసు లేదు. 2016లో భారతదేశం ఆ వ్యాధి లేని దేశంగా ధ్రువీకరణ పొందింది. ఇంత పని ఏ ఒక్క మిషన్ చేయగలిగేది కాదు.

ప్రపంచ సంఘం కూడా ఈ కాలంలో తన్ను తాను ప్రశ్నించుకుంది. 1964లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో జరిగిన సమావేశం, స్వస్థపరచే పరిచర్య వైద్యులదే కాదు, సంఘమంతటిదీ అని గుర్తుచేసింది. 1968లో ప్రపంచ సంఘాల సమితి క్రిస్టియన్ మెడికల్ కమిషన్‌ను ఏర్పరచింది. సంఘాల వైద్య వనరులలో అత్యధిక భాగం ఆసుపత్రి గోడల లోపలే ఖర్చవుతున్నదని ఆ కమిషన్ ఎత్తిచూపింది. 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో డా. రజనీకాంత్, మేబెల్ ఆరోలే దంపతులు పల్లె స్త్రీలనే ఆరోగ్య కార్యకర్తలుగా తర్ఫీదు చేశారు. వారిలో చదువురానివారు, దళిత స్త్రీలు ఉన్నారు. 1978 ఆల్మా ఆటా ప్రకటనకు దారి వేసిన అనుభవాలలో జామ్‌ఖేడ్ ఒకటి. మన దేశంలో 2005లో వచ్చిన ఆశా కార్యకర్తల పథకం వెనుక కూడా పల్లె స్త్రీయే పల్లెకు ఆరోగ్య సేవకురాలు అనే ఇదే ఆలోచన కనిపిస్తుంది.

ఇక విదేశీ ధనం. 1976లో వచ్చిన విదేశీ విరాళాల చట్టాన్ని 2010లో తిరిగి వ్రాశారు. 2020 సవరణతో విదేశీ విరాళం ఢిల్లీలోని ఒకే బ్యాంకు శాఖలో పుచ్చుకోవాలి. పుచ్చుకున్నవారు దానిని మరొక సంస్థకు ఇవ్వరాదు. పాలనా ఖర్చు 20 శాతం మించరాదు. ఒక పెద్ద సంస్థ పుచ్చుకుని చిన్న గూడెపు క్లినిక్కులకు పంచే పాత దారి దీనితో మూసుకుపోయింది. దీని మంచిచెడులు రాజకీయ చర్చ. మనకు సంబంధించిన సత్యం ఒక్కటే: పొరుగు దేశపు పిడికెడు మీద ఆనుకొన్న పరిచర్యకు ఇక ముందు కాలం లేదు.

6. ఈనాడు కానుకకు చోటెక్కడ?

"108 అంబులెన్సు 2005 నుండి ఉంది, ఆరోగ్యశ్రీ 2007 నుండి ఉంది, ఇంక సంఘం కానుకతో పనేమి?" అని ఒక సంఘపెద్ద నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు లూకా పదవ అధ్యాయంలో ఉంది.

సమరయుడు చేసిన ఖర్చును విడదీసి చూద్దాము. నూనె, ద్రాక్షారసం: మందులు. తన వాహనం: ప్రయాణం. ఆ రాత్రి పరామర్శ: సేవ, సమయం. పూటకూళ్ళవానికిచ్చిన రెండు దేనారములు: బస, భోజనం. చివరగా, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చి తీరుస్తానన్న మాట. ఈ చివరిదే అన్నిటికంటె విలువైనది. అది మొత్తం తెలియని బాకీకి పూచీ పడడం. రోగం ఎన్నాళ్ళుంటుందో ఎవరికీ తెలియదు గనుక, వైద్య దానం ఒక్కసారి ఇచ్చేది కాదు, తిరిగి వచ్చి ఇచ్చేది. పూటకూళ్ళవాడు ఆ మాటను నమ్మాడు. మన సంఘం మాటను ఏ ఆసుపత్రి అయినా అలా నమ్ముతుందా?

ప్రభుత్వ పథకం శస్త్రచికిత్సకు చెల్లిస్తుంది. రోగితో వచ్చిన భార్య పది రోజుల తిండికి, పోయిన కూలికి, మళ్ళీ చూపించుకోవడానికి బస్సు చార్జీకి చెల్లించదు. మా ప్రాంతంలో రోగులు చికిత్స మధ్యలో మానేసేది మందు లేక కాదు, ఎక్కువగా ఈ చిల్లర ఖర్చుల వలన. క్షయ రోగికి మందులు ఉచితం. 2018 నుండి నెలకు 500 రూపాయల పోషకాహార భత్యం ఉంది, 2024లో దానిని 1,000 చేశారు. అది చాలదని ప్రభుత్వమే గ్రహించి, 2022లో నిక్షయ్ మిత్ర పేరుతో ప్రజలను, సంస్థలను రోగుల ఆహారానికి తోడ్పడమని పిలిచింది. సికిల్ సెల్ రక్తహీనత కోసం 2023లో జాతీయ కార్యక్రమం వచ్చింది. గిరిజన కుటుంబాలలో ఆ జబ్బుతో పుట్టిన బిడ్డకు జీవితాంతం తోడు కావాలి. ప్రభుత్వమే తలుపు తీసి పిలుస్తున్న చోట సంఘం బయట నిలబడి ఉండడం తగునా?

ఒక చిన్న లెక్క వేద్దాము. పిడికెడు అంటే 50 గ్రాములు అనుకుందాము. రెండు పూటలకు 100 గ్రాములు, నెలకు 3 కిలోలు. అరవై కుటుంబాల సంఘంలో నెలకు 180 కిలోలు. కిలో 40 రూపాయల చొప్పున 7,200 రూపాయలు, ఏడాదికి 86,400. ఈ డబ్బుతో ఆసుపత్రి కట్టలేము. ఏడుగురు క్షయ రోగులకు నెలకు వెయ్యి రూపాయల చొప్పున ఏడాది పొడుగునా ఆహారం ఇవ్వగలము. పది సంఘాలు కలిస్తే ఒక శిక్షణ పొందిన నర్సుకు జీతమిచ్చి, గూడేలకు తిరగడానికి బండి, పెట్రోలు కూడా ఏర్పాటు చేయగలము. హేగ్ గారి కాలంలో చూసిన సూత్రం ఇదే: ఒక పెద్ద దాత కంటె అరవై కుండలు నమ్మకమైనవి.

7. రెండు జాగ్రత్తలు

మొదటిది లెక్క. ఈ సీమలో కానుక, లెక్క అనే రెండు మాటలు కలిసి వినబడితే ఎవరికైనా పాల్వంచ తహశీల్దారు కంచర్ల గోపన్న గారి కథ గుర్తుకొస్తుంది. ఆయన భక్తిని ఎవరూ శంకించలేదు, ఖజానా లెక్క అడిగారు. భక్తి లెక్కకు బదులు కాదు. యెరూషలేము బీదల కోసం చందా పోగుచేసిన పౌలు కూడా తన మాట చాలుననుకోలేదు. సంఘాలు ఏర్పరచిన సహోదరులను వెంటబెట్టుకున్నాడు. దేవుని యెదుటనే గాక మనుష్యుల యెదుట కూడా లెక్క సరిగా ఉండాలన్నది రెండవ కొరింథీ ఎనిమిదవ అధ్యాయపు తలంపు. వైద్య కానుకకు వేరు పుస్తకం, ఇద్దరి సంతకాలు, మూడు నెలలకొకసారి సంఘం ముందు చదవడం, ఇవి లేనిచోట ఆ కానుక మొదలుపెట్టకపోవడమే మంచిది.

రెండవది ఉద్దేశం. సమరయుడు గాయపడినవాని కులమతాలు అడగలేదు. వైద్యం ఎర కాకూడదు. గుంటూరు, డిచ్‌పల్లి ఆసుపత్రులకు హిందూ దాతలు ఇచ్చారంటే, అక్కడ తమవారికి భేదం లేని సేవ దొరికిందనే గదా. మంచాన పడినవాని నిస్సహాయతను సంఘపు పట్టీ పెంచుకోవడానికి వాడితే, అది సువార్తకు అవమానం.

ముగింపు

దుమ్ముగూడెంలో ఒక ఇంజనీరు భారంతో మొదలైన పరిచర్య విదేశీ చందాలతో పెరిగింది. దోర్నకల్‌లో బీద సంఘం స్వయంగా ఇవ్వడం నేర్చుకుంది. ఈ రెండు పాయలూ మన సీమలోనే ప్రవహించాయి గాని కలవలేదు. పిడికెడు బియ్యం బలిపీఠం దాకా వచ్చింది, రోగి మంచం దాకా పోలేదు. ఆ కొద్ది దూరం నడిపించవలసినవారు కాపరులు, రేపు కాపరులు కాబోయే వేదాంత విద్యార్థులు.

ప్రవేశికలో చెప్పిన ప్రహరీ గోడ ఇప్పటికీ ఉంది. గట్టిగానే కట్టాము. తరువాత నేను సేవ చేసిన సంఘంలో నెలలో మొదటి ఆదివారపు బియ్యం రోగులకని వేరు పెట్టాము. మొదటి నెల పదమూడు కిలోలు వచ్చింది. కొందరు నవ్వారు. ఒక విధవరాలు మాత్రం సంచి చూసి, "అయ్యగారూ, ఈ బియ్యం ఎవరింటికి పోతుందో ఆ ఇంటి పేరు చెప్పండి, పొయ్యిమీద ఎసరు పెట్టినప్పుడల్లా ప్రార్థన చేసుకుంటాను" అంది. వైద్య పరిచర్యను సంఘం తన సొంతం చేసుకోవడమంటే ఏమిటో నేను ఏ గ్రంథంలోనూ అంత తేటగా చదవలేదు.